అన్నం మానేసే ముందు మాత్రల డబ్బా తెరవండి

ప్రశ్న: నాకు 49 ఏళ్ళు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 78 కిలోలు. షుగరు, బీపీ ఉన్నాయి. పొద్దున టిఫినుకు ముందు గ్లైమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, తర్వాత బీపీ మాత్ర వేసుకుంటాను. ఇంకో మూడు నెలల్లో, మాఘంలో, అమ్మాయి పెళ్ళి. మా ఎదురింటావిడ అన్నం మానేసి, సూపులు తాగి 9 కిలోలు తగ్గింది. నేనూ సోమవారం నుంచి మొదలుపెడదామంటే, ముందు డాక్టరుకు చూపించుకోమని అమ్మాయి గొడవ. మావారేమో ‘తిండి తగ్గించుకోడానికి కూడా ఫీజు కట్టాలా?’ అంటున్నారు. ఎవరి మాట వినను?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మాయి మాట వినండమ్మా. అలాగని మీవారిది పూర్తిగా తప్పనూ లేను. ఏ జబ్బూ, ఏ మాత్రా లేని పాతికేళ్ళ కుర్రాడు సాయంత్రం మిరపకాయ బజ్జీలు మానేసి గంట నడుస్తానంటే, నన్ను అడగక్కర్లేదు. మీ సంగతి వేరు. మీ మాత్రల డోసు మీరు ఇప్పుడు తింటున్న తిండికి సరిపడా రాసింది. తిండి మారితే అదీ మారాలి.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. కార్తీక సోమవారం మా అమ్మ నక్షత్రం చూసేదాకా ఉపవాసం. పొద్దున మాత్ర మాత్రం మానలేదు, కాఫీతో వేసేసుకుంది. అదీ గ్లైమిపిరైడే. సాయంత్రం నాలుగింటికి నేను వెళ్ళేసరికి వంటింటి గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. జాకెట్టు చెమటతో తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి, పిలిస్తే వంకరటింకర సమాధానం. మీటరు పెడితే 54. 70 కంటే తగ్గితేనే లో షుగర్ అంటాం. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాను. పావుగంటకు తేరుకుని, ‘ఉపవాసం చెడగొట్టావు కదే’ అంది! ఇంట్లో డాక్టరుండీ ఇదీ మా భాగోతం.

మీరు తిన్నారా, పస్తున్నారా అన్నది ఆ మాత్రకు తెలియదు. క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. అందుకే అన్నం తగ్గించే రోజునే దాని డోసు తగ్గించాలో, ఆపాలో మీ డాక్టరు తేల్చాలి. భయపడి మీ అంతట మీరు మానేయొద్దు, అది ఇంకో తప్పు. బీపీ మాత్రా అంతే. కొన్నింటిలో ఒంట్లోని నీటిని, ఉప్పును బయటికి పంపే మందు కలిసి ఉంటుంది. దానికి తోడు సూపుల మీదే ఉంటే, మంచం మీద నుంచి లేవగానే కళ్ళు తిరిగి పడిపోవచ్చు.

ఇది చదివే మిగతావాళ్ళకు ఒక మాట. మీది డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగరు మాత్ర అయితే, అడగకుండా అన్నం, రొట్టె పూర్తిగా మానొద్దు. మీటరులో షుగరు పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకోవచ్చు. వాంతులు, ఆయాసం మొదలైతే నేరుగా ఆస్పత్రికే.

వెళ్ళేటప్పుడు ‘తెల్ల మాత్ర, గులాబీ మాత్ర’ అని చెప్పకుండా స్ట్రిప్పులే పట్టుకెళ్ళండి. ఎదురింటావిడ చెప్పిన తిండి కాగితం మీద రాసుకెళ్ళండి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పేది), క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్షలు ఈమధ్య చేయించుకోకపోతే రాయమని అడగండి. అన్నం బదులు గుడ్లు, చికెన్ పెంచేస్తే కిడ్నీలు తట్టుకుంటాయో లేదో క్రియాటినిన్ చూస్తే కొంత తెలుస్తుంది.

బరువు తగ్గాలన్న మీ ఆలోచన మాత్రం మంచిదే. మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క, 31 దాటింది, మన దేశంలో 25 దాటితేనే ఊబకాయం అంటున్నాం. వారానికి అరకిలో చొప్పున తగ్గినా పెళ్ళినాటికి ఆరు కిలోలు. పన్నెండు కావాలని పరుగులు పెట్టకండి, మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు పడే ప్రమాదం కూడా ఉంది.

పెళ్ళి జాకెట్ల కొలతలు మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. పది రోజుల ముందు ఇస్తానని టైలరుకు చెప్పి ఉంచండి.