వీధిని ఇంటి నుంచి విడదీయకు

చిక్కడపల్లి, హైదరాబాదు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

తవ్వకానికి నిన్ను తీసుకున్నారని మీ నాన్న ఫోను చేశాడు. పొద్దుగూకేలోగా మీ పెద్దమ్మ ఆ మాట వీధివీధంతా చెప్పి వచ్చింది. నాకు మాత్రం ఆనందంతో పాటు బెంగ కూడా పట్టుకుంది. నీకు అప్పగించింది శాతవాహనుల నాటి ఇల్లు, దాని ముందున్న వీధి అట. ఇల్లొక్కటే అయితే ఇంత ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

టోపీ, నీళ్లు, గట్టి బూట్లు నీకు చెప్పాలా? కుండపెంకుల సంచికి చీటీ అప్పటికప్పుడే రాయి. పలుగు పట్టిన పెద్దవాళ్లు ఆగితే నువ్వూ ఆగు. మట్టి మారిందని చేతికే తెలుస్తుంది వాళ్లకు. వెళ్లేముందు ఒకసారి కొండాపూర్ మ్యూజియం చూసిరా. హైటెక్ సిటీ పక్కది కాదు, సంగారెడ్డి అవతలిది. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ అక్కడి పాటిగడ్డను, అంటే పాత ఊరి దిబ్బను, తవ్వింది. ఆ ఇటుకల సైజు కంటికి అలవాటైతే, దిబ్బ మీద ఏది పాత ఇటుకో ఎవరినీ అడగనక్కర్లేదు.

ఇక వీధి సంగతి. మన ఇంటినే చూడు. నీ చిన్నప్పుడు మెట్లెక్కి లోపలికి వచ్చేదానివి. తారు మీద తారు పోసి వీధి పెరిగింది, మెట్లు దాని కింద పడ్డాయి, ఇప్పుడు వానొస్తే నీళ్లు తిన్నగా వసారాలోకే. పాతకాలపు వీధీ అంతే. కంకర, పెంకులు, మట్టి పరిచి మళ్లీ మళ్లీ గట్టిచేసేవారు. వీధి లేచినప్పుడల్లా ఇంటివాళ్లు గడప ఎత్తుకునేవారు, లోపలి నేల మెత్తుకునేవారు. ఏ గడప ఏ వీధి నాటిదో చెప్పేది గడప ముందున్న ఆ కాస్త మట్టే.

ఒక పాటిగడ్డ మీద, పేరెందుకులే, ఆ మట్టి పోయింది. ఇంటికీ వీధికీ నడుమ తవ్వకుండా వదిలిన గట్టు ఉండేది. ఎవరో పెద్దలు చూడటానికి వస్తున్నారు, ఫోటోలో అంతా ఒకటిగా కనిపించాలని పై అధికారి దాన్ని తీసేయమన్నారు. కొలతల పని నాది. గట్టు పక్కన కనిపించే మట్టి పొరలు గీసుకుంటాను, ఒక్క పూట ఆగండని బతిమాలాను. ఆగలేదు. మధ్యాహ్నానికి గోడ, గచ్చు, మురుగు కాలువ అన్నీ తుడిచినట్టు ఉన్నాయి. ఫోటో బాగా వచ్చింది. తరువాత వీధి పొరలో ఒక సీసపు నాణెం దొరికింది. ఇంట్లో పొయ్యి పక్కన కుండలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. ఆ నాణెం జారవిడుచుకున్నవాళ్లూ ఆ కుండల్లో వండుకున్నవాళ్లూ ఒక తరమేనా? జవాబు చెప్పగల మట్టి అప్పటికే పారబోసిన కుప్పలో కలిసిపోయింది. నివేదికలో ఇల్లు ఒక అధ్యాయమైంది, వీధి ఇంకొకటి. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

1940లలో భారత పురావస్తు శాఖ అధిపతిగా ఉన్న మార్టిమర్ వీలర్ చదరాలుగా తవ్వుతూ నడుమ గట్లు వదలడం మనవాళ్లకు నేర్పింది ఇందుకే. ఇంటి లోపలి నుంచి గడప మీదుగా వీధి అవతలి అంచు దాకా ఒకే గట్టు వదులు. గీసి, ఫోటో తీసి, పొర పొరకూ సంఖ్య వేసేదాకా ఎవరు చెప్పినా ముట్టనివ్వకు. ఇంట్లో మాతో వాదిస్తావే, ఆ నోరు అక్కడ వాడు. చిన్నదాన్నని వెనక్కి తగ్గావో, నేనే వచ్చి ఆ గట్టు మీద కూర్చుంటాను.

గోడ ఉండాల్సిన చోట ఇటుకలు లేకపోతే కంగారుపడకు. ఊరివాళ్లు ఎప్పుడో తవ్వి తీసుకుపోయి ఉంటారు. తాపీతో మెల్లగా గీకితే గట్టి నేల నడుమ గోడ వెడల్పున వదులు మట్టి పట్టీ కనిపిస్తుంది. దాన్నీ గోడలాగే కొలువు.

నా భయం వేరే ఉంది తల్లీ. నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది, చినుకు పడితే గొయ్యి గోడంతా ఒక్కసారి జారుతుంది. తవ్విన మట్టిని అంచున పోయనివ్వకు. ఒరల బావి కనిపిస్తే ఊతం కట్టేదాకా నువ్వు దిగవద్దు, ఎవరినీ దించవద్దు. లోపల ఏముందో చూడాలన్న ఆత్రం నాకు తెలియనిది కాదు. అయినా వద్దు.

రోజూ సాయంత్రం గొయ్యి నాలుగు పక్కలా ఫోటో తీసి పంపు. దొరికిన వస్తువుల ఫోటోలు తరువాత చూస్తాను.

మీ పెదనాన్న