దొరపొయ్యికి మూడున్నర లక్షలా?

ప్రశ్న: నాకు 59 ఏళ్లు. తిరుపతిలో ప్రభుత్వ హైస్కూల్ టీచర్‌ని, పాత పెన్షన్ వర్తిస్తుంది. ఇంకో మూడేళ్లలో రిటైరయ్యాక పలమనేరులో మా తాతగారి మిద్దె ఇంట్లో ఉండాలని కోరిక. ఆ ఇంటి హాల్లో ఇటుకలతో కట్టిన ఫైర్‌ప్లేస్ ఉంది. తాతగారు ఎవరో దొర దగ్గర కొన్న ఇల్లు కాబట్టి మేమంతా దాన్ని దొరపొయ్యి అనేవాళ్లం. వెలిగించి 30 ఏళ్లు దాటింది. ఇల్లు బాగుచేయడానికి కాంట్రాక్టర్ 14 లక్షలు చెప్పాడు. పొయ్యి పగలగొట్టి అక్కడ టీవీ యూనిట్ పెట్టే 40 వేలు అందులోనే ఉంది. పగలగొట్టొద్దు, పాత పద్ధతిలోనే నిలబెడతానని మరో మేస్త్రీ విడిగా 3.5 లక్షలు అడుగుతున్నాడు. ఇద్దరి కాగితాలూ, ఇంటి ఫోటోలూ పంపుతున్నా. నాకు ఎఫ్‌డీలు 8 లక్షలు, జీపీఎఫ్‌లో (ప్రభుత్వోద్యోగుల భవిష్యనిధిలో) 11 లక్షలు ఉన్నాయి. ఇంటికి వాటిలోంచి తీసి, పొయ్యికి మాత్రం మా ఆవిడ నగల మీద 9.5 శాతానికి గోల్డ్ లోన్ తీసుకుందామనుకుంటున్నా, ఆమెకు ఇష్టం లేదు. అమ్మా నాన్నా లేరు, వీలునామా రాయలేదు. బెంగళూరులో ఉన్న తమ్ముడు "నా సగం సంగతి తర్వాత చూద్దాంలే, నువ్వు కానీ అన్నా" అంటున్నాడు. చెల్లెలు చిత్తూరులో ఉంటుంది. పొయ్యి మీద పెట్టిన డబ్బు ఇంటి విలువలో తిరిగొస్తుందా?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం పొయ్యి గురించి కాదు. "చెల్లెలు చిత్తూరులో ఉంటుంది" అన్నది. తమ్ముడి సగం, మీ సగం అని లెక్క వేసుకున్నారు. మరి ఆమె వాటా ఏది? వీలునామా రాయకుండా పోయిన తండ్రి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా ఉంటుందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అనుకున్నా 2005 సవరణ ఆమెకు అదే హక్కు ఇచ్చింది, 2020లో సుప్రీంకోర్టు మిగిలిన సందేహాలూ తీర్చేసింది. అంటే ఈరోజుకు ఆ ఇంట్లో మీది మూడో వంతు. మీరు పోయబోయే 14 లక్షల్లో 9 లక్షల పైచిలుకు ఇంకొకరి వాటా గోడలకు పోతున్నట్టే.

చెల్లెలు "నాకేం వద్దన్నా" అనే మనిషే కావచ్చు. తమ్ముడు మాట మీద నిలబడేవాడే కావచ్చు. కానీ నోటి మాటతో వాటా చేతులు మారదు. ఇల్లు మెరిశాక, పలమనేరులో అంకణం (అక్కడి స్థలం కొలత) ధర పెరిగాక, అల్లుళ్లూ కోడళ్లూ లెక్కలోకి వచ్చాక అడిగేకంటే, గోడలకు ఉప్పు రాలుతున్న ఇప్పుడే అడగడం తేలిక. వాళ్ల వాటాలు మీకు వదులుకుంటే రిలీజ్ డీడ్, పంచుకుంటే పార్టిషన్ డీడ్. ఏదైనా రిజిస్టర్ కావాలి. స్టాంపు డ్యూటీ ఎంతవుతుందో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే కనుక్కోండి, ఆ ఖర్చునూ ఇంటి బడ్జెట్‌లోనే రాసుకోండి. తర్వాత మునిసిపాలిటీలో పన్ను మీ పేరు మీదికి మార్పించుకోండి. ఇదయ్యేదాకా మేస్త్రీకి అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు.

ఇక మీరు అడిగినదానికి సూటిగా జవాబు: తిరిగి రాదు. పలమనేరులో ఇల్లు కొనేవాడు స్థలం ఎన్ని అంకణాలు, రోడ్డు ఎంత వెడల్పు, బోరులో నీళ్లున్నాయా అని చూస్తాడు. హాల్లో ఫైర్‌ప్లేస్ ఉందని లక్ష ఎక్కువ ఇచ్చేవాడు ఎప్పుడైనా ఒకడు తగలొచ్చు, వాడి కోసం ఇప్పటి నుంచే ఖర్చు పెట్టలేం. కాబట్టి దీన్ని పెట్టుబడి ఖాతాలోంచి తీసేసి సరదా ఖాతాలో రాసుకుందాం. 3.5 లక్షలు 7 శాతానికి ఉంటే ఏడాదికి 24,500 వస్తుంది. పలమనేరు దారిలో మొగిలి ఘాట్ ఎక్కగానే చలి తెలుస్తుంది నిజమే, అయినా మంట వేసుకోవాలనిపించే సాయంత్రాలు డిసెంబరు, జనవరి కలిపి 40 అనుకుందాం. సాయంత్రానికి 612 రూపాయలు, కట్టెలు అదనం. వద్దనడానికి చెప్పడం లేదు. మా ఊళ్లో నెలకొకసారి కుటుంబంతో హోటల్‌కు వెళ్లొచ్చినా అంతకంటే ఎక్కువే అవుతుంది. పక్కింటాయన పొయ్యి లేకుండా బతకడం లేదా అనే వాదన నాకు నచ్చదు. సరదాకు ధర తెలియాలి, అంతే.

కానీ మేస్త్రీ ఇచ్చిన కాగితం చూస్తే అంతా సరదా కాదు. ఆయన మంచి పని చేశాడు, అంశాలు విడివిడిగా రాశాడు: మిద్దె పైన పొగగొట్టం తలభాగం బాగుచేసి మూత పెట్టడం 45 వేలు. గొట్టం లోపల మసి, గూళ్లు తీసి కొత్త లైనింగ్ వేయడం 90 వేలు. పాడైన ఇటుకలు మార్చి సున్నంతో సందులు నింపడం 80 వేలు. మంట వేసేచోట వేడికి తట్టుకునే ఫైర్ బ్రిక్స్ 35 వేలు. పైన టేకు చట్రం, గ్రానైట్ పలక లక్ష.

వీటిలో మొదటిదీ మూడోదీ పొయ్యి ఖర్చులు కావు, ఇంటి ఖర్చులు. మూత లేని గొట్టంలోంచి 30 ఏళ్లుగా వాన నేరుగా గోడలోకి దిగుతోంది. మీరు పంపిన ఫోటోలో పొయ్యికి ఎడమపక్క తెల్లటి పొడి రాలుతోంది చూశారా, అది ఆ నీళ్లు మోసుకొచ్చిన ఉప్పే. పొయ్యి ఉంచినా, తీసినా దాన్ని ఆపాల్సిందే. ఈ రెండూ కలిపి 1.25 లక్షలు.

కాంట్రాక్టర్ చెప్పిన 40 వేలూ 40 వేలతో ఆగవు. హాల్లో పొయ్యి కోసేస్తే దాని పైన మిద్దె దాటి నిలబడ్డ గొట్టం బరువును ఎవరు మోస్తారు? కింద ఇనుప దూలం వేయాలి, లేదా పైనుంచి మొత్తం దించుకుంటూ రావాలి. దించితే మద్రాస్ టెర్రస్‌లో, అంటే దూలాల మీద ఇటుకా సున్నంతో వేసిన పాత కప్పులో, అంత కంత పూడ్చాలి. ఆ ఎస్టిమేట్‌లో ఈ మూడూ లేవు. పని సగంలో ఉండగా "సార్, ఇంకో లక్ష" అనే ఫోను ఇక్కడి నుంచే వస్తుంది. తీయాలనే అనుకుంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించి, ఆయన ఫీజు కట్టి, ఆ తర్వాత గునపం ఎత్తనివ్వండి.

సున్నం విషయంలో మాత్రం పట్టుబట్టండి. చిత్తూరులో మా పెద్దమ్మ ఇంటికి ఒకాయన సందులన్నీ సిమెంటుతో నింపి, "వందేళ్లు కదలదమ్మా" అని చెప్పి వెళ్లాడు. నాలుగు వానాకాలాల తర్వాత వెళ్లి చూస్తే సిమెంటు కదల్లేదు, నిజమే. ఇటుకలే పోయాయి. తేనెపట్టు గూడులా సిమెంటు గీతలు నిలబడి ఉన్నాయి, మధ్యలో ఇటుక వేలితో గీకితే ఎర్రటి పొడిగా రాలింది. పాత ఇటుక మెత్తన. దానిలోని చెమ్మ సున్నపు సందుల్లోంచి బయటికి పోతుంది. సిమెంటుతో ఆ దారి మూస్తే ఇటుక ముఖంలోంచే పోవాలి, పోతూ పోతూ ఇటుకను కూడా తీసుకుపోతుంది. ఆ గోడకు పెద్దమ్మ రెండోసారి పెట్టిన ఖర్చు మొదటిదానికి రెట్టింపు. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, సిమెంటు కొడితే చవక అంటాడు కాంట్రాక్టర్. ఈ గోడకు ఉచితంగా ఇచ్చినా వద్దు. మీ మేస్త్రీ సున్నాన్ని బెల్లం, కరక్కాయ నీళ్లతో నానబెట్టి వాడతానన్నాడని రాశారు, పని తెలిసిన మనిషే అనిపిస్తోంది. ముందు ఒక చదరపు గజం చేయించి, నెల రోజులు ఆరాక చూసి మిగతాది ఇవ్వండి.

లైనింగ్, ఫైర్ బ్రిక్స్ కలిపి ఇంకో 1.25 లక్షలు. ఇది మంట వెలిగిస్తేనే అవసరం. వెలిగించేటట్టయితే అందులో బేరం లేదు. గొట్టంలో పగులు ఉంటే పొగ, దానితో వాసన కూడా తెలియని కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తాయి. తలుపులు బిగించుకు పడుకునే చలికాలంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. కానీ మీరు మూడేళ్ల దాకా తిరుపతిలోనే ఉంటారు. రిటైరయ్యాక పలమనేరులో ఒక చలికాలం గడిపి చూడండి, నిజంగా మంట కావాలనిపిస్తే అప్పుడు చేయిద్దురు. అప్పటిదాకా పొయ్యి నోటికి గాలి ఆడే జాలీ పెట్టి వదిలేయండి. టేకు చట్రం లక్ష గురించి నేనేం చెప్పను, మీ ఆవిడ గారిని అడగండి. నగలు ఆమెవే కదా.

"మూడేళ్ల దాకా" అన్న మాటతోనే మీ 14 లక్షల కాగితంలో ఇంకో గీత కొట్టాను. మాడ్యులర్ కిచెన్ 3.2 లక్షలు. మూడేళ్లు ఎవరూ వండని వంటింట్లో మూతపడ్డ చెక్క అరల్లో కాపురం పెట్టేది చెదలూ బొద్దింకలూ. దాన్ని గ్రాట్యుటీ వచ్చాక చేయించుకోండి. ఫాల్స్ సీలింగ్ 1.4 లక్షలు కూడా కొట్టేశాను. టేకు దూలాలున్న మిద్దెకు కింద ప్లాస్టర్ బోర్డు బిగిస్తే ఎక్కడ కారుతోందో, ఏ దూలానికి చెద పట్టిందో కనపడదు. పగలగొట్టే 40 వేలు ఎలాగూ పోయింది. ఇప్పుడు 14 లక్షలు 9 లక్షలయ్యాయి. పొయ్యి గోడకు 1.25 కలిపితే 10.25. పాత ఇంట్లో గోడ తడితేగాని గుట్టు తెలియదు కాబట్టి 15 శాతం, ఒకటిన్నర లక్ష పక్కన పెట్టండి. మొత్తం 11.75 లక్షలు.

దీనికి ఎఫ్‌డీల్లోంచి 6, జీపీఎఫ్‌లోంచి 6. ముందు ఎఫ్‌డీలు కదపండి, ఎందుకంటే వాటి వడ్డీ మీద మీరు పన్ను కడుతున్నారు, జీపీఎఫ్ మీద వచ్చే 7.1 శాతానికి పన్ను లేదు. గడువు దగ్గరపడ్డ ఎఫ్‌డీని మాత్రం తెంచకండి, గడువుకు ముందు తీస్తే వడ్డీ కోస్తారు. 2 లక్షలు ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి, ఆసుపత్రికో మరోదానికో. రిటైర్మెంటుకు పదేళ్లలోపు ఉన్నారు కాబట్టి ఇంటి మరమ్మతుకు జీపీఎఫ్ నుంచి పార్ట్ ఫైనల్ (కొంత సొమ్ము ముందే తీసుకోవడం) పెట్టుకోవచ్చు, తిరిగి కట్టక్కర్లేదు. బిల్లు పాసై డబ్బు ఖాతాలో పడేదాకా కూలీలకు తేదీ చెప్పకండి.

గోల్డ్ లోన్ వద్దు. 3.5 లక్షలకు ఏడాదికి 33,250 వడ్డీ, రిటైరయ్యే నాటికి దాదాపు లక్ష. 7.1 శాతం వచ్చే సొమ్ము చేతిలో పెట్టుకుని 9.5 శాతానికి అప్పు తేవడం దేనికి? పైగా ఆమెకు ఇష్టం లేదని మీరే రాశారు. ఇంటి మరమ్మతుకు అప్పు తీసుకుంటే పన్ను కలిసొస్తుందని ఎవరైనా చెబితే, సొంతంగా ఉండే ఇంటికి ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే, అదీ ఏడాదికి 30 వేల వడ్డీ వరకే. కొత్త విధానంలో అసలు లేదు.

బిల్లులు మాత్రం పారేయకండి. పొగగొట్టం పని, సున్నం పని, కరెంటు వైరింగ్, అన్నీ మీ పేరు మీద, బ్యాంకు ద్వారా చెల్లించినట్టు ఉండాలి. రేపు మీరో మీ పిల్లలో అమ్మితే ఇంటి స్థాయిని పెంచిన ఖర్చులు లాభంలోంచి తీసేసుకోవచ్చు. వెల్ల వేయడంలాంటి మామూలు మరమ్మతులు అందులోకి రావు. 2001కి ముందే తాతగారు కొన్న వారసత్వపు ఇల్లు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను ఆధారంగా తీసుకునే వీలుంది. పన్ను 12.5 శాతమా, ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతమా అన్నది ఏది తక్కువైతే అది. 2024 జూలై 23కు ముందే చేతికొచ్చిన ఆస్తికి ఈ వెసులుబాటు ఉంది. చెల్లెలూ తమ్ముడూ ఇప్పుడు మీకు వదిలే వాటాలకు లెక్క ఎలా వేయాలో డీడ్ రాసేముందే ఆడిటర్‌ను అడగండి.

ఈ ఆదివారం పలమనేరు వెళ్లేటప్పుడు దారిలో చిత్తూరులో దిగండి. చెల్లెలికి దొరపొయ్యి ఫోటో చూపించండి, ఆమె కూడా ఆ అరుగు మీద కూర్చుని పెరిగినదే కదా. మేస్త్రీ కాగితం కంటే ముందు ఆమె ఏమంటుందో వినండి. ఆ మాట నాకూ రాయండి.