పంజా అంటే గోరేనా?

కాదు. పంజా అంటే గోళ్లతో సహా మృగం పాదం మొత్తం. పడుకున్న పిల్లిని చూడండి: గోళ్లు లోపలికి ముడుచుకుని కనిపించవు, పంజా మాత్రం కళ్లెదుటే ఉంటుంది. ఈ మాట పారసీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. అక్కడ ‘పంజ్’ అంటే 5, మన ‘పంచ’కు దాయాది. పులి ముందు కాలికి లెక్క సరిపోతుంది కానీ వెనక కాలికి ఉండేవి 4 వేళ్లే! పీర్ల పండుగలో ఎత్తే హస్తాకారపు పీరునూ పంజా అనడం ఈ అయిదు వేళ్ల వల్లే.

గోరు ద్రావిడ పదం. కన్నడంలో ఉగురు, పాత తమిళంలో ఉగిర్. తెలుగులో ముందున్న ఉకారం మిగల్లేదు. దీనికి మనిషి, మృగం అనే తేడా లేదు: గోరుముద్దలోనూ పులిగోరులోనూ అదే మాట. నఖం సంస్కృతం, నరసింహుడి వర్ణనల్లో ఎక్కువగా వినిపిస్తుంది.