లోపల వదిలిన బట్ట

నాన్న పోయి మూడేళ్లయింది, మొన్న బీరువాలో ఆయన కళ్లజోడు కవరు కనపడితే అరగంట కదల్లేకపోయాను, ఇంతకాలం తర్వాత కూడా ఇలా ఎవరికైనా అవుతుందా అని అడిగారు మీరు.

అవుతుందండీ. నాకైతే 13 ఏళ్ల తర్వాత అయింది. అదీ ఇంట్లో కాదు, కూకట్‌పల్లిలో ఒక ఆల్టరేషన్ కొట్టు ముందు, ప్లాస్టిక్ స్టూలు మీద కూచుని ఉండగా.

మా నాన్న దర్జీ. చీరాలలో (ఇప్పుడు బాపట్ల జిల్లా, అప్పట్లో ప్రకాశం) ఒక బట్టల కొట్టు అరుగు మీద ఉషా మిషను వేసుకుని 30 ఏళ్ల పైనే కుట్టారు. చీరాలని చిన్న బొంబాయి అంటారు కదా, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పెళ్లి బట్టలకి అక్కడికే వచ్చేవాళ్లు. లోపల బట్ట చింపించుకుని, మెట్లు దిగేలోపే నాన్న దగ్గర కొలతలిచ్చేసి వెళ్లేవాళ్లు.

ఆయనకో చాదస్తం. ఎవరికి కుట్టినా లోపల బట్ట ఎక్కువ వదిలేవారు. ప్యాంటుకి వెనక కుట్టు దగ్గర అటు అంగుళంన్నర, ఇటు అంగుళంన్నర. రెడీమేడ్ ప్యాంటు తిరగేసి చూడండి, అరంగుళం ఉంటే గొప్ప. పక్క కొట్టు మాస్టరు ఎగతాళి చేస్తే, "బట్ట ఆయనదే గదా, కోసి కింద పారేస్తే నాకేమొస్తుంది" అనేవారు.

పిల్లల బట్టల దగ్గర ఇది ఇంకా ఎక్కువ. జూన్‌లో బడి తెరిచే ముందు కుట్టిన ప్యాంటు మూడేళ్లు రావాల్సిందే. కింద పెద్ద మడత పెట్టేవారు, నేను పొడుగైనప్పుడల్లా కొంచెం విప్పేవారు. టెర్రీకాటన్ కట్టినవాళ్లకి తెలిసే ఉంటుంది, ఇస్త్రీతో పడిన మడత గీత ఇక చచ్చినా పోదు. పైగా బయట భాగం ఎండకీ ఉతుకుడికీ వెలిసిపోతుంది, మడతలో దాక్కున్న ముక్క కొత్తగానే ఉంటుంది. అలా నా ప్యాంటు అంచున ఏడాదికో గీత. క్లాసులో ఒకడు వంగి మరీ లెక్కపెట్టేవాడు, "ఇది ఎనిమిదో క్లాసుది, ఇది తొమ్మిదో క్లాసుది" అని. దర్జీ కొడుక్కి కొత్త ప్యాంటు లేకపోవడమేంటని వాళ్లకి నవ్వు. నాకు నాన్న మీద కోపం.

ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక రెడీమేడ్ ప్యాంటు కొన్నాను. ఇంటికి తీసుకెళ్లి నాన్న చేతికిచ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన్ని ఉడికించడానికే ఇచ్చానేమో. ఆయన రంగు చూడలేదు, ధర అడగలేదు. తిరగేసి, కుట్టు మీద బొటనవేలు పెట్టి నడుం దాకా జరిపి, "లోపల ఏమీ లేదురా" అని మడిచి ఇచ్చేశారు. ఆ తర్వాత నాకు కుడతానని ఎప్పుడూ అనలేదు.

నా పెళ్లికి మాత్రం, 2004లో, పట్టుబట్టి ముదురు నీలం సూటు కుట్టారు. (నిజం చెప్పాలంటే కోటు ఆయన పని కాదు, భుజాలు ఇప్పటికీ జారుతుంటాయి.) అప్పుడు నా నడుం 32. ఇప్పుడెంతో అడక్కండి. 2011లో ఆయన పోయారు.

2024లో మేనల్లుడి పెళ్లికని ఆ సూటు బయటికి తీస్తే ప్యాంటు బొత్తం అందలేదు. కొత్తది కొందామంటే మా ఆవిడ వినలేదు, ఒకసారి అడిగి చూడమంది. ఆ ఆల్టరేషన్ అబ్బాయి బ్లేడు ముక్కతో వెనక కుట్టు విప్పుతూ విప్పుతూ ఆగిపోయాడు. "ఎక్కడ కుట్టించారు సార్ ఇది?" అన్నాడు. ఏదో చినిగిందనుకున్నాను. పొరలు విడదీసి టేపు పెట్టి చూపించాడు. అటూ ఇటూ కలిపి మూడంగుళాల బట్ట. 20 ఏళ్లుగా వెలుతురు తగలని నీలం, నా పెళ్లి రోజు నాటి రంగు.

32 నడుంతో గాలికి ఊగే నన్ను నిలబెట్టి కొలతలు తీసుకుంటూ, వీడికీ పొట్ట వస్తుందని ఆ రోజే లెక్కేసుకున్నారన్నమాట! ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ అబ్బాయి మిషను ఆపి నీళ్ల బాటిల్ తెచ్చిచ్చాడు, అంటే నవ్వొక్కటే కాదనుకుంటా.

ఆయన పోయినప్పుడు నేనింతగా ఏడవలేదు. చుట్టాలు, భోజనాలు, పెద్దకర్మ, మిషను ఎవరికివ్వాలన్న చర్చ, వాటితోనే సరిపోయింది. హాల్లో దండ వేసిన ఫొటో రోజూ చూస్తాను, ఏమీ అవదు. ఫొటో వైపు చూసేటప్పుడు నాన్నని చూస్తున్నామని ముందే తెలుసు కదా. మీ కవరు అలా కాదు, మీరు వేరే దేనికో బీరువా తెరిచారు. అందుకని అరగంట ఎక్కువేం కాదండీ.

"రెండున్నర అంగుళాలు విప్పితే సరిపోతుంది సార్. పాత నీలం పక్కన కొత్త నీలం పట్టీలా కనపడుతుంది, కోటు ఉంటుంది కాబట్టి పర్లేదు. మిగిలిన అరంగుళం కత్తిరించేయనా?" అని అడిగాడు. వద్దన్నాను.

పెళ్లిలో భోజనాల దగ్గర ఉక్కకి కోటు తీసేశాను. వెనక గీత ఎంతమంది చూశారో తెలీదు.