టవర్లు లేకనే నెట్ వాడట్లేదా?

"ప్రపంచంలో ముగ్గురిలో ఒకరికి ఇంకా ఇంటర్నెట్ లేదట. టవర్లు లేకపోవడమేనా కారణం?" అని అడిగారు. టవర్ల పాత్ర అందులో చాలా తక్కువండి. ఐక్యరాజ్యసమితి టెలికాం విభాగం ఐటీయూ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం నెట్ వాడనివాళ్లు దాదాపు 260 కోట్లు. మొబైల్ నెట్ సిగ్నలే అందని జనం మాత్రం ప్రపంచం మొత్తంలో నూటికి నాలుగైదుగురే. నెట్ వాడనివాళ్లలో మిగతావాళ్లంతా సిగ్నల్ ఉన్నచోటే ఉండి వాడట్లేదు.

మాది జగిత్యాల వైపు. దుబాయ్‌లో కొన్నేళ్లు ఏసీ మెకానిక్‌గా చేశాను. క్యాంపులో నాలుగైదు దేశాలవాళ్లం ఉండేవాళ్లం. అందరికీ ఇంచుమించు ఒకే రకం ఫోన్లు, అదే సిగ్నల్. వాడకం మాత్రం ఎవరిది వాళ్లదే.

యూఏఈలో నెట్ వాడనివాళ్లు దాదాపు ఉండరు, స్పీడుకీ లోటు లేదు. కానీ వాట్సాప్ కాల్ పనిచేయదు. రింగవుతుంది, అవతల ఎత్తుతారు, ఇక ఎంతసేపున్నా "కనెక్టింగ్" అనే చూపిస్తుంది. ప్రభుత్వం అనుమతించిన బోటిమ్ లాంటి యాప్‌లలోనే మాట్లాడుకోవాలి. నేనున్నప్పుడు దానికి నెలకు 50 దిర్హమ్‌ల ప్యాక్ వేసుకోవాల్సి వచ్చేది. వెయ్యి దిర్హమ్‌ల జీతగాడికి అది చిన్న ఖర్చు కాదు. మెసేజ్‌లకు మాత్రం అడ్డు లేదు కాబట్టి మావాళ్లలో చాలామంది వాయిస్ మెసేజ్‌ల మీదే సంసారం నడిపారు. నా పక్క బెడ్డు అన్న పొద్దున డ్యూటీ బస్సెక్కగానే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని "మోటరు బాగైందా? బిడ్డకు జ్వరం తగ్గిందా?" అని పంపేవాడు. తిండి టైముకు జవాబు వచ్చేది. వదినకు చదువు రాదు. టైపింగ్ గొడవ లేదు కనుక ఆమెకు అదే నయం అనేవాడు.

మా క్యాంపులోనే ఉగాండా నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డులుండేవాళ్లు. వాళ్లది ఇంకో కథ. 2018 జులై నుంచి వాళ్ల దేశంలో వాట్సాప్, ఫేస్‌బుక్ తెరవాలంటే రోజుకు 200 షిల్లింగ్‌ల పన్ను కట్టాల్సి వచ్చేది. అప్పట్లో మన డబ్బుల్లో నాలుగు రూపాయల లోపే. జనం పుకార్లు, కబుర్లతో కాలం గడుపుతున్నారని వాళ్ల అధ్యక్షుడు ముసెవెనీ పెట్టించిన పన్ను అది. చాలామంది ఆ పన్నును తప్పించుకునే దొడ్డిదారి యాప్‌లైన వీపీఎన్‌లలోకి దూరారు, కొందరు మానేశారు. 2021లో దాన్ని తీసేసి డేటా మీదే 12 శాతం పన్ను వేశారు. ఆ ఏడాది జనవరిలో, ఎన్నికల ముందు, ఫేస్‌బుక్‌ను ఏకంగా బ్లాక్ చేశారు.

మన దగ్గర మలుపు 2016లో వచ్చింది. కొన్ని సైట్లు మాత్రమే ఉచితంగా ఇచ్చే పద్ధతిని ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆపేసింది, సెప్టెంబర్‌లో జియో వచ్చింది. సెలవుకు వచ్చి చూస్తే మా నాన్న రోజూ తగలేసే డేటా దుబాయ్‌లో నాకు వారం వచ్చేది.

అలాగని ధర తగ్గితే అందరూ వాడేస్తారనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగితే దేశంలో మగవాళ్లలో 57 శాతం అవునన్నారు, ఆడవాళ్లలో 33 శాతమే. తెలంగాణ ఆడవాళ్లలో అయితే నాలుగో వంతుకు కాస్త పైన. డేటా కారుచౌక అయ్యాక వచ్చిన లెక్కలివి! ఇంటికి ఒకటే స్మార్ట్‌ఫోన్ ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో మీకు చెప్పాలా? మా చెల్లెలి చేతికి ఫోన్ వచ్చింది కరోనా టైములో, అదీ పిల్లల ఆన్‌లైన్ క్లాసులకని బావ కొన్నది. పగలంతా పిల్లల దగ్గరే ఉండేది. వాళ్లు పడుకున్నాక బ్లౌజ్ కటింగ్ వీడియోలు చూసి కుట్టు నేర్చుకుంది.