బూట్లు విప్పి పరుగు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఉత్త కాళ్ళతో పరుగు మొదలుపెట్టాలనుకునేవాళ్ళు చాలా ప్రశ్నలు పంపారు. ఒకేలాంటివి కలిపేసి, కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: రెండేళ్ళుగా వారానికి నాలుగు రోజులు, ఐదేసి కిలోమీటర్లు బూట్లతో పరుగెత్తుతున్నాను. ఇక బూట్లు మానేద్దామనుకుంటున్నాను. సగం దూరంతో, అంటే రెండున్నర కిలోమీటర్లతో మొదలుపెట్టవచ్చా?

వద్దు. ఉత్త కాళ్ళతో పరుగెత్తే మొదటి రోజుకి మూడు వందల మీటర్లు చాలు. మీ గుండెకీ ఊపిరితిత్తులకీ ఐదు కిలోమీటర్లు అలవాటే, చిక్కంతా అక్కడే ఉంది. ఆయాసం రాదు కాబట్టి ఆగాలనిపించదు. ఈలోగా పిక్కలు, మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువు, పాదంలోని సన్నటి ఎముకలు తమకు కొత్తయిన పని చేస్తూ ఉంటాయి.

పరుగు కోసం చేసిన మామూలు బూటులో మడమ, వేళ్ళకంటే దాదాపు 10 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. బూటు తీసేస్తే ప్రతి అడుగులోనూ మడమ అంత మేర కిందికి దిగాలి, పిక్క అంత మేర సాగాలి. నిమిషానికి 170 అడుగుల లెక్కన పది నిమిషాల్లో ఒక్కో కాలు 850 సార్లు ఈ పని చేస్తుంది. మర్నాడు మెట్లు దిగలేక గోడ పట్టుకునేది ఇందుకే.

పైగా ఒంట్లో అన్నీ ఒకే వేగంతో గట్టిపడవు. అరికాలి చర్మానికి కొన్ని వారాలు చాలు. కండరాలకు ఒకటి రెండు నెలలు పడుతుంది. స్నాయువులకూ ఎముకలకూ అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలి. ఎముక తీరైతే మరీ విచిత్రం. కొత్త బరువు పడగానే అది ముందు పాత భాగాన్ని కొంత తవ్విపోసుకుంటుంది, ఆ తర్వాతే కొత్తది నింపుకుంటుంది. ఆ నడిమి వారాల్లో మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. ‘ఇక అలవాటైపోయింది’ అని దూరం పెంచేసేది కూడా సరిగ్గా అప్పుడే. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, పది వారాల పాటు పలచటి అట్ట (అడుగుభాగం) ఉన్న బూట్లకు మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల మజ్జలో వాపు పెరిగినట్టు ఎంఆర్ఐలో తేలింది. వాళ్ళు పరుగు తెలియనివాళ్ళు కాదు, మీలాంటివాళ్ళే.

అందుకని మొదటి మూడు వారాలు ఉత్త కాళ్ళతో నడక మాత్రమే, రోజూ 20 నుంచి 30 నిమిషాలు. ఇంట్లోనూ చెప్పులు వేసుకోకండి. నాలుగో వారం నుంచి రోజు విడిచి రోజు, అర నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, అలా నాలుగుసార్లు. అంటే మొత్తం రెండు నిమిషాల పరుగు. రెండు వారాలు దీన్ని కదిలించకండి. తర్వాత వారానికి ఒక నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు కలపండి. ప్రతి నాలుగో వారం ఉన్నదాన్ని సగానికి తగ్గించండి. ఇలా వెళితే నాలుగైదు నెలలకు పదిహేను నిమిషాల పరుగు చేతికొస్తుంది. ఐదు కిలోమీటర్ల మాట ఆ తర్వాతే.

ఈలోగా బూట్ల పరుగు మానక్కర్లేదు. ఉత్త కాళ్ళ పరుగు ముందు ముగించి, తర్వాత బూట్లు తొడుక్కుని మిగతా దూరం పూర్తి చేయండి. ఈ వరస తిరగేయకూడదు. అలసిన కాళ్ళు అడుగును ఈడుస్తాయి.

ప్రశ్న: మెత్తగా ఉంటుందని పచ్చిక మీదో, ఇసుక మీదో మొదలుపెట్టమంటున్నారు. నిజమేనా?

చాలామంది చెప్పే మాటే, మేం మాత్రం ఒప్పుకోం. గట్టిగా, నున్నగా, శుభ్రంగా ఉన్న నేల మీదే మొదలుపెట్టండి. సిమెంటు బాట గానీ, కంకర పైకి తేలని తారు రోడ్డు గానీ పనికొస్తుంది. గట్టి నేల తప్పు అడుగును వెంటనే చెబుతుంది. మడమ ధన్‌మని మోపితే మూడో అడుగుకే మోకాలిదాకా తెలుస్తుంది. అదే పచ్చిక మీదైతే ఆ తప్పును నెలరోజులు మోసుకుంటూ తిరుగుతారు. గడ్డిలో గాజుపెంకు ఉన్నా కంటికి కనబడదు.

పొడి ఇసుకలో మడమ దిగబడి అకిలిస్ స్నాయువు మరింత సాగుతుంది. నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉన్నా ఒకవైపుకి వాలుగా ఉంటుంది, దాంతో ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. స్టేడియంలోని సింథటిక్ ట్రాక్ చూడటానికి మెత్తన, అరికాలికి గరుకుకాగితం. ట్రెడ్‌మిల్ పట్టా రాపిడికి వేడెక్కి బొబ్బలు లేపుతుంది.

రోడ్డు అంచున తెల్లరంగు గీత ఉంటే, వాహనాలు రాని వేళ దాని మీద పరుగెత్తి చూడండి. చుట్టూ ఉన్న తారుకంటే నున్నగా ఉంటుంది, ఎండలో అంతగా కాలదు కూడా. వానకి తడిస్తే మాత్రం జారుతుంది. తడి రోజుల్లో అరికాలి చర్మం నానిపోయి తొందరగా లేస్తుంది కాబట్టి దూరం సగానికి తగ్గించండి.

ప్రశ్న: మునివేళ్ళ మీద పరుగెత్తాలని విన్నాను. పది రోజులుగా అలాగే చేస్తున్నాను. పిక్కలు రాళ్ళలా పట్టేస్తున్నాయి. ఎక్కడ పొరపాటు?

మడమను గాల్లోనే ఉంచేస్తున్నారు, పొరపాటు అదే. ముందుగా నేలకు ఆనాల్సింది పాదం ముందు భాగమే, కానీ మునివేళ్ళు కాదు. చిటికెన వేలు, దాని పక్క వేలు మొదలయ్యే చోట ఉండే మెత్త ముందు తగలాలి. వెంటనే బొటనవేలి వైపు మెత్త ఆనుతుంది. ఆ తర్వాత మడమ కూడా నేలను తాకి లేవాలి. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. మడమ దిగకపోతే ఒంటి బరువంతా పిక్క ఒక్కతే మోస్తుంది.

అడుగును ఇంతగా లెక్కపెట్టడంలోనూ ప్రమాదముంది, కాలు బిగుసుకుపోతుంది. దీనికంటే తేలిక దారి ఒకటి చెబుతాం. ఉన్నచోటే, ఉత్త కాళ్ళతో, తాడాట ఆడినట్టు ఇరవైసార్లు చిన్నగా గెంతండి. మడమ మీద దిగమన్నా మీ కాలు దిగదు. ఆ దిగే తీరునే ఉంచుకుని, నడుము వంచకుండా ఒళ్ళంతా చీలమండల దగ్గర్నుంచి కొంచెం ముందుకు వాల్చండి. పరుగు దానంతటదే మొదలవుతుంది. మోకాళ్ళు కాస్త వంగి ఉండాలి. పాదం మీ ముందెక్కడో కాకుండా తుంటి కిందకు దగ్గరగా పడాలి. కాలితో నేలను వెనక్కి తన్నకండి, పాదాన్ని పైకి ఎత్తడం మీదే ధ్యాస పెట్టండి.

కుడికాలు ఎన్నిసార్లు పడుతోందో అర నిమిషం లెక్కపెట్టండి. 43 నుంచి 45 మధ్య ఉంటే బాగున్నట్టే. 38 దగ్గర ఉంటే అంగలు పొడుగ్గా వేస్తున్నారు, వేగం పెంచకుండా అడుగులు చిన్నవి చేయండి. ఫోన్‌లో మెట్రోనోమ్, అంటే ఒకే లయలో టిక్ టిక్‌మనే యాప్, పెట్టుకుంటే ఇంకా సులువు. చప్పుడు కూడా వినండి. టపటపమంటే పాదం నేలను చరుస్తోందని అర్థం.

మడమ ముందు మోపినప్పుడు నేల నుంచి ఒక్కసారిగా తగిలే దెబ్బ, పాదం ముందు భాగం ముందు ఆనినప్పుడు దాదాపు ఉండదని హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో చూపించింది. అలాగని చెప్పుల్లేకుండా పెరిగినవాళ్ళందరూ అలాగే పరుగెత్తుతారనుకోకండి. ఉత్తర కెన్యాలోని దాసనచ్ తెగవాళ్ళు నింపాదిగా పరుగెత్తేటప్పుడు ఎక్కువగా మడమే ముందు ఆనిస్తున్నారనీ, వేగం పెరిగినకొద్దీ అది తగ్గుతోందనీ 2013లో మరో బృందం గమనించింది.

ప్రశ్న: వారానికే బొబ్బలు లేచాయి. అరికాలు కాయకట్టేదాకా ఓర్చుకుంటే చాలా?

ఓర్చుకోవద్దు, బొబ్బ ఎక్కడ లేచిందో చూడండి. నిలువుగా దిగి నిలువుగా లేచే పాదానికి బొబ్బ రాదు. జారినా, మెలి తిరిగినా వస్తుంది. బొటనవేలి కొసన వస్తే నేలను వెనక్కి తంతున్నారు. వేళ్ళ మొదట్లో మెత్త మీద వస్తే పాదం బాగా ముందుకు పడి బ్రేకు వేస్తోంది, లేదా లేచేటప్పుడు గిర్రున తిరుగుతోంది. మడమ మీద వస్తే ఇక చెప్పేదేముంది, పొడుగు అంగలే. ఒక్క కాలికే వస్తే నేల వాలు ఎటుందో చూసుకోండి.

చిన్న బొబ్బను ముట్టుకోకండి. పెద్దదై నడవనివ్వకపోతే, సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున గుచ్చి నీరు తీసేయండి. పైచర్మం మాత్రం ఒలవకండి, అదే దానికి కట్టు. వేలితో నొక్కితే నొప్పి లేనప్పుడే మళ్ళీ పరుగు.

అరికాలు చివరికి మందమవుతుంది గానీ మొద్దుబారదు. కాయకట్టిన అరికాళ్ళకు స్పర్శ తగ్గదని 2019లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. మడమ అంచులు పగలకుండా రాత్రిపూట కొంచెం వాసెలిన్ రాసుకుంటే చాలు.

ప్రశ్న: ముందు పలచటి అట్ట బూట్లు కొనుక్కుని, వాటి నుంచి మెల్లగా ఉత్త కాళ్ళకు మారడం మంచిది కదా?

వినడానికి బాగుంటుంది, జరిగేది వేరు. మొదటి నెలల్లో మిమ్మల్ని ఆపేది అరికాలి చర్మమే. మూడు నిమిషాలకే అది చుర్రుమంటుంది, మీరు ఆగిపోతారు. ఆ ఆగడం వల్లే లోపలి ఎముక బతికిపోతుంది. పలచటి బూటు ఆ చుర్రుమనడాన్ని నొక్కేస్తుంది కానీ పిక్క మీదా ఎముక మీదా పడే బరువును తగ్గించదు. బ్రేకు తీసేసిన బండిలా దూరం పెరిగిపోతుంది. వాటిని చలికో, కంకర దారికో ఉంచుకోండి. వేసుకున్న రోజు కూడా ఉత్త కాళ్ళ లెక్కే పాటించండి, ఒక్క నిమిషం ఎక్కువ వద్దు.

ప్రశ్న: ఆరు వారాలైంది. ఎడమ పాదం పైభాగంలో, వేళ్ళకు కొంచెం వెనకగా నొప్పి. నడుస్తుంటే తగ్గినట్టే ఉంటుంది. కొనసాగించవచ్చా?

ఈ రోజే ఆపండి. రెండు పిక్కలూ సమానంగా సలిపి, రెండు మూడు రోజుల్లో తగ్గితే అది అలవాటులో భాగం. ఒక్క పాదంలో, వేలితో చూపించగలిగేంత చోట నొప్పి ఉంటే అది వేరు. మీరు చెప్పిన చోట రెండో, మూడో మెటాటార్సల్ ఎముకలుంటాయి, అంటే ఆ వేళ్ళ వెనక పాదంలో ఉండే పొడుగాటి ఎముకలు. ఉత్త కాళ్ళకు తొందరపడి మారినవాళ్ళకు సన్నటి బీట పడేది ఎక్కువగా వీటికే. చూపుడువేలితో ఆ ఎముకను నొక్కండి. ప్రాణం లేచొచ్చే చోటు ఒకటి దొరికినా, పైన కాస్త వాపు ఉన్నా ఎముకల డాక్టరును కలవండి. ఎక్స్‌రేలో ఏమీ లేదంటే నిశ్చింత పడకండి. మొదటి రెండు మూడు వారాలు బీట అందులో కనబడకపోవచ్చు, ఎంఆర్ఐ పట్టిస్తుంది. బీట అని తేలితే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు ఉండదు. తిరిగొచ్చాక లెక్క మళ్ళీ నడక నుంచే.

పొద్దున్నే మంచం దిగగానే మడమ వెనక స్నాయువు బిగుసుకుపోవడం కూడా ఇలాంటి హెచ్చరికే. ఎముకంత ప్రమాదం కాదు గానీ, ఆ వారం దూరం పెంచకండి.

ప్రశ్న: బూట్లు లేకపోతే వేగం పెరుగుతుందా? బికిలా అలాగే గెలిచాడు కదా!

గెలిచాడు. ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఉత్త కాళ్ళతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో ముగించాడు. 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లకు దించాడు. బూటు బరువు ప్రతి 100 గ్రాములకూ సుమారు ఒక శాతం అదనపు శక్తి ఖర్చవుతుందన్నది నిజమే. అయితే బూటులోని మెత్తన కూడా కొంత శక్తి మిగులుస్తుంది, దానికీ దీనికీ చెల్లు. వేగం కోసమైతే బూట్లు విప్పకండి.

ప్రశ్న: పదేళ్ళుగా షుగర్ ఉంది. అదుపులోనే ఉంది. నేను ప్రయత్నించవచ్చా?

వద్దండీ. పాదం స్పర్శ తగ్గుతున్నట్టు మనకే తెలియకుండా తగ్గుతుంది. గుచ్చుకున్న ముల్లు తెలియకపోతే అది పుండుగా మారేదాకా కనబడదు. మీ డాక్టరు పరీక్ష చేసి స్పర్శ బాగుందన్నా, మెత్తటి బూట్లతో చేసే నడకే మీకు మంచిది.

ప్రశ్న: ముల్లో, గాజుపెంకో గుచ్చుకుంటే? ఎండకి నేల కాలితే?

కాలే నేలకు అరచేయి తిరగేసి, దాని వీపును ఏడు సెకన్లు ఆనించి చూడండి. ఉంచలేకపోతే కాళ్ళూ ఉంచలేవు. తెల్లారుజామునే వెళ్ళండి. కళ్ళు ఐదారు మీటర్ల ముందుండాలి, చెవుల్లో పాటలు వద్దు. మలమూత్రాలు కలిసే తడి మట్టిలో అసలు పరుగెత్తవద్దు, కొంకి పురుగుల పిల్లలు చర్మం గుండానే లోపలికి వెళ్తాయి.

జేబులో చిన్న పట్టకారు, ఒక ప్లాస్టరు ఉంచుకోండి. ముల్లు ఏ వాలున దిగిందో ఆ వాలునే లాగండి. కొస విరిగి లోతుగా ఉండిపోతే సూదితో కెలక్కండి, డాక్టరు చేత తీయించండి. ఇంటికొచ్చాక సబ్బు నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు కూడా తుడిచి, వెలుతురులో అరికాలంతా ఒకసారి వేలితో తడిమి చూడండి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్ళు దాటితే పరుగు మొదలుపెట్టకముందే వేయించుకోండి. మట్టి పట్టిన లోతైన గాయమైతే, ఐదేళ్ళు దాటినా మళ్ళీ వేస్తారు.