నీ పాఠాలు నలుగురికీ ఇచ్చే ముందు

అమ్మా,

నీ స్టాటిస్టిక్స్ స్లైడ్లు, ప్రాబ్లమ్ సెట్లు ఆన్‌లైన్‌లో పెట్టి, వేరే యూనివర్సిటీల టీచర్లు కూడా వాడుకునేలా చేద్దామనుకుంటున్నానని రాశావు. చాలా మంచి మాట. కానీ "ఇంకాస్త సరిచేసి పెడతాను" అన్నావు చూడు, నాకు భయమంతా అక్కడే. సరిచేస్తూ కూర్చుంటే సెమిస్టర్ అయిపోతుంది, ఆపైన నీకు వేరే సబ్జెక్టు అంటగడతారు, ఆ ఫోల్డర్ నీ లాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. కోర్సంతా ఒకేసారి పెట్టక్కర్లేదు. పీ వాల్యూ దగ్గర పిల్లలు ఎప్పుడూ తికమకపడతారు కదా, దాని మీద నువ్వు చేసే పాఠం ఒక్కటి తీసి పెట్టు చాలు. మొత్తం కోర్సు దింపుకొనేవాళ్ళు తక్కువ, రేపటి క్లాసుకి ఒక్క మంచి పాఠం కోసం రాత్రి పదింటికి వెతుక్కునేవాళ్ళే ఎక్కువ.

పీడీఎఫ్ ఒక్కటే పెట్టి ఊరుకోకు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. డేవిడ్ వైలీ అని ఈ రంగంలో పేరున్నాయన, తెరిచి ఇచ్చిన పాఠం మీద అవతలివాళ్ళకి ఐదు హక్కులుండాలంటాడు: దగ్గర ఉంచుకోవడం, వాడుకోవడం, మార్చుకోవడం, వేరేదానితో కలుపుకోవడం, మళ్ళీ పంచడం. లైసెన్స్‌లో ఈ ఐదూ ఇచ్చి చేతికి మాత్రం పీడీఎఫ్ ఇస్తే, మార్చుకోవడం, కలుపుకోవడం దాదాపు కాగితం మీద హక్కులే. సైకాలజీ వాళ్ళకి స్టాటిస్టిక్స్ చెప్పే టీచర్‌కి నీ ఫ్యాక్టరీ ఉదాహరణ పనికిరాదు, అది తీసి తన ఉదాహరణ పెట్టుకోవాలి. అందుకని స్లైడ్ల అసలు ఫైల్, ఫార్ములాలు టైప్ చేసే లేటెక్ సాఫ్ట్‌వేర్‌లో చేసినదైతే దాని టెక్ ఫైల్, గ్రాఫ్ గీసిన కోడు, దాని వెనక డేటా, అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టు. పీడీఎఫ్ కూడా పెట్టు, తెరిచి చూడ్డానికి. ఫార్ములాలు మాత్రం ఫొటోలుగా అతికించకు, వాటిని ఎవరూ దిద్దలేరు, చూపు లేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్ అసలు చదవలేదు.

ఇక లైసెన్స్. చాలామంది "అందరూ వాడుకోవచ్చు" అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. కాపీరైట్ ఎవరూ అడక్కుండానే పుడుతుంది కాబట్టి, జాగ్రత్త ఉన్న టీచర్ ఆ ముక్కని నమ్మి నీ ఫైల్ ముట్టుకోడు. మన పనిని ఎవరు ఏ షరతులతో వాడుకోవచ్చో ముందే చెప్పేసే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002 నుంచి ఉన్నాయి, ఇప్పుడు నడుస్తున్న 4.0 వెర్షన్ 2013లో వచ్చింది. ఆరు రకాలు. మార్చి పంచకూడదనే షరతు ఉన్న రెండిటినీ పక్కన పెట్టెయ్, మన పనికి అవి అడ్డం. వ్యాపారానికి వాడకూడదనే షరతు చూడగానే నీకు ముచ్చటేస్తుంది, మన కష్టంతో ఇంకెవరో సొమ్ము చేసుకోకూడదని. నేను మాత్రం వద్దంటాను. ఫీజు తీసుకునే సంస్థలో పనిచేసే టీచర్ "నాకు వర్తిస్తుందా లేదా" అని టెన్షన్ పడి వదిలేస్తాడు. నీ బొమ్మని వికీపీడియాలోకి తీసుకుందామన్నా ఆ షరతు ఒప్పుకోరు. పైగా ఈ లైసెన్సులు ఒకదానితో ఒకటి కలవని సందర్భాలున్నాయి. ఒక ఫైల్‌కి "అదే లైసెన్స్‌తో పంచాలి" అనే షరతు ఉండి, ఇంకోదానికి దాంతో పాటు వ్యాపార నిషేధం కూడా ఉంటే, రెండూ కలిపి ఒక పాఠం చేసి పంచలేవు. రెండూ ఉచితమే, రెండూ మంచివాళ్ళు ఇచ్చినవే, అయినా కుదరదు. పేరు చెబితే చాలనే మామూలు లైసెన్స్, అదే సీసీ బై, పెట్టెయ్. ఒకసారి ఇచ్చాక మాత్రం తీసుకున్నవాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి లాక్కోలేవు. అందుకే ముందు మీ సర్వీసు నిబంధనలు చూడు, పాఠ్యసామగ్రి మీద హక్కు సంస్థదే అని కొన్నిచోట్ల ఉంటుంది. మీ హెడ్ "ఇదంతా ఎందుకమ్మా" అంటే, 2019లో యునెస్కో సర్వసభ్య సమావేశం ఇలా పాఠాలు తెరిచి పంచడం మీద ఒక సిఫార్సు పత్రమే ఆమోదించిందని చెప్పు, పై స్థాయి కాగితం చూస్తే కొందరు మెత్తబడతారు.

అసలు మెలిక నీ ఫైళ్ళలో ఉన్న పరాయి సొత్తు. టెక్స్ట్‌బుక్ నుంచి స్కాన్ చేసిన గ్రాఫ్ నాలుగ్గోడల మధ్య చూపించుకోవడం వేరు, లోకానికి పంచడం వేరు. అందులోని అంకెలు ఎవరి సొత్తూ కాదు, ఆ గీత, ఆ పేర్పు వాళ్ళవి. కాబట్టి ఆ డేటాతో నువ్వే ఇంకోలా గీసుకో, పావుగంట పని. ఉచిత పుస్తకమని ధీమా పడకు. రైస్ యూనివర్సిటీ నడిపే ఓపెన్‌స్టాక్స్ పుస్తకాలనే చూడు, కాలిక్యులస్ సంపుటాలకి వ్యాపార నిషేధం ఉంది, అన్నిటికీ అదే లైసెన్స్ కాదు, పుస్తకం పుస్తకానికీ చూసుకోవాలి. ఎవరిది తీసుకున్నా కిందనే పేరు, రచయిత, దొరికిన చోటు, లైసెన్స్, ఈ నాలుగూ రాయి, నువ్వు మారిస్తే "రంగులు మార్చాను, అక్షం పేర్లు తెలుగులో పెట్టాను" అని ఒక ముక్క. చివరి స్లైడ్‌లో "గూగుల్ సౌజన్యంతో" అని రాసేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది.

పెట్టే ముందు ఫైల్ కడుపులో ఏముందో కూడా చూడు. స్లైడ్ల కింద స్పీకర్ నోట్స్‌లో "ఇది మిడ్‌లో అడగాలి" అని రాసుకుని ఉంటావు. అంతకంటే ప్రమాదం ఇంకోటుంది. ఎక్సెల్ నుంచి చార్ట్ కాపీ చేసి అతికిస్తే, ఎంచుకున్న పద్ధతిని బట్టి వెనక ఉన్న వర్క్‌బుక్ మొత్తం స్లైడ్‌తో పాటే వచ్చేస్తుంది. చార్ట్ మీద కుడి క్లిక్ చేసి డేటా ఎడిట్ అన్నామంటే పిల్లల పేర్లు, రోల్ నంబర్లు, మార్కులు బారులు తీరి కనిపిస్తాయి. పేర్లు తీసేసిన షీటుతో చార్ట్ కొత్తగా చేసుకో.

ఎక్కడ పెట్టాలన్నావు. సొంత డ్రైవ్ లింక్ వద్దు, ఉద్యోగం మారి ఆ అకౌంట్ మూసేస్తే లింక్ చస్తుంది. మీ యూనివర్సిటీ రిపాజిటరీ, అంటే ఫైళ్ళు భద్రంగా దాచే సైటు, బాగుంటే అక్కడ పెట్టు, లేదా యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్న జెనోడో అనే రిపాజిటరీలో. డబ్బేమీ తీసుకోకుండా డీవోఐ, అంటే ఫైల్‌కి మారని గుర్తింపు నంబర్, ఇస్తారు, నువ్వు కొత్త వెర్షన్ పెట్టినా పాతదీ అలాగే ఉంటుంది, అన్నిటికీ కలిపి ఒక డీవోఐ కూడా ఉంటుంది. మెర్లాట్, ఓఈఆర్ కామన్స్ లాంటి పాఠాలు వెతుక్కునే సైట్లలో దాన్ని నమోదు చేస్తే వెతికేవాళ్ళకి దొరుకుతుంది. వివరణలో గొప్పలు వద్దు, ఏ స్థాయి పిల్లలకి, ఎన్ని గంటల పాఠం, ముందుగా ఏం తెలిసుండాలి, ఏ సాఫ్ట్‌వేర్ కావాలి, ఇవి రాస్తే చాలు. జవాబులు ప్రాబ్లమ్స్‌తో కలిపి పెట్టకు, అడిగిన టీచర్లకి విడిగా పంపు. అయినా ఎప్పుడో బయటికి పోతాయి, అందుకే ప్రశ్నలో అంకెలు మార్చుకునే వీలు ముందే ఉంచు.

పెట్టాక ఎవరూ ఉలకరు, పలకరు. దింపుకొంటారు, వాడుకుంటారు, థాంక్స్ కూడా చెప్పరు. నీకు తెలిసిన ఇద్దరు ముగ్గురు టీచర్లకి నువ్వే రాయి, "బాగుందా" అని కాకుండా "మీ క్లాసులో ఏ స్లైడ్ దగ్గర ఆగిపోయారు" అని అడుగు. తప్పు చూపిస్తే దిద్ది, కొత్త వెర్షన్‌లో ఏం మారిందో, ఎవరు చూపించారో వాళ్ళని అడిగి పేరుతో రాయి. ఆ పేరు చూసుకున్నవాళ్ళు తర్వాత తమ పాఠం పట్టుకొస్తారు, అప్పుడు నీకు ఇచ్చేవాళ్ళు కూడా ఉంటారు.